చప్పుడు రాని కీబోర్డు

పసుపు కొమ్మును రెండు వేళ్లతో విరిచి, ఆ చప్పుడు విని, అది ఏ నేలలో పండిందో, ఎంతసేపు ఉడికిందో, ఎన్ని రోజులు ఎండిందో చెప్పగల మనిషి ఆర్మూరులో ఒకాయన ఉన్నాడు. దాన్ని పండించిన రైతు అబద్ధాలు ఆడతాడో లేదో కూడా చెబుతాడు. పేరు భీమ్‌రావు. బజారులో టక్ భీమ్‌రావు అంటారు. కొమ్ము ‘టక్’మని విరిగితే తల ఊపుతాడు, ‘తుస్’మంటే తల తిప్పుకుంటాడు. ఇరవై ఆరేళ్లుగా వ్యాపారుల తరఫున రాశులు చూసి రకం చెప్పడమే ఆయన పని. ఇంట్లో మాత్రం ఆయన తల ఊపింది తక్కువ, తిప్పుకున్నది ఎక్కువ అని ఆయన భార్య త్రివేణి అభిప్రాయం.

ఇంతటి భీమ్‌రావు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలనుకోవడానికి కారణం ఒక జొన్నరొట్టె.

జనవరి చివర్లో కొత్త బస్టాండు దగ్గర ఎస్తేరు మేడం అనే ఆవిడ కంప్యూటర్ సెంటర్ తెరిచింది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఆడవాళ్లకు ప్రోగ్రామింగ్ క్లాసు. బాగా నేర్చుకున్న ఒకరిని అక్కడే టీచరుగా పెట్టుకుంటారు. చేరడానికి ఫిబ్రవరి పదిహేను ఆఖరు తేదీ. ఈ సంగతులన్నీ ఉన్న కాగితాన్ని త్రివేణి భర్త కంచం పక్కన పెట్టింది.

“నేను పోత” అంది.

“ఒంటిగంటకా?” భీమ్‌రావు నోట్లో ముద్ద ఆగిపోయింది. “గప్పుడే గదా నేను తిననీకి ఇంటికొచ్చేది?”

“పన్నెండుకే రొట్టెలు చేసి డబ్బల వెట్టి పోత.”

“డబ్బల వెట్టిన రొట్టెకు చెమట వడ్తది. తడి సరుకు తినుమంటవా?”

“ఒక్క పూట తడి సరుకు తింటే మనిషికేం కాదు.”

“మరి బాయిలర్ ఫోన్లు?”

ఇది అసలు సమస్యే. వాళ్లకు పసుపు ఉడకబెట్టే బాయిలర్ ఒకటి ఉంది. సీజన్‌లో అది జక్రాన్‌పల్లి, ధర్పల్లి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతుంది. తవ్విన పసుపును నాలుగైదు రోజుల్లో ఉడకబెట్టకపోతే చెడిపోతుంది కాబట్టి రైతులు వంతుల కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. అదీ సరిగ్గా మధ్యాహ్నం పూటే. ఎవరి వంతు ఎప్పుడో నోటుబుక్కులో రాసేది, జరిపేది, అరిచేవాళ్లను ఊరుకోబెట్టేది త్రివేణే.

భీమ్‌రావు చెయ్యి కడుక్కునేలోగా పథకం వేసేశాడు.

“ఇగో, నువ్వు గంత దూరం పోవుడెందుకే? నేనే నేర్సుకుంట. నేర్సి, నీకు ఇంట్లనే కూసోవెట్టి నేర్పిస్త.”

“మీరా?” అంది త్రివేణి. ఒక్క మాటకు ఇంత బరువు ఉంటుందని భీమ్‌రావుకు అప్పుడే తెలిసింది.

“ఏం, నేను నేర్వనా?”

“నేను బీయెస్సీ కంప్యూటర్స్ చదివిన మనిషిని. మీరు నాకు నేర్పుడా?”

“గది ఇరవై ఏండ్ల కిందటి సరుకు. ఈపాటికి పురుగు వట్టి ఉంటది.”

అనేశాక భీమ్‌రావుకు నాలుక కరుచుకోవాలనిపించింది. ఎందుకంటే, ఆ సరుకు ఇరవై ఏళ్లు గోదాములో ఉండిపోవడానికి కారణం ఎవరో లోకంలో ఆయనకొక్కడికే తెలుసు.

పెళ్లయిన ఏడాది అది. డిచ్‌పల్లి దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబులో నేర్పే ఉద్యోగానికి త్రివేణి దరఖాస్తు పెట్టింది. పదిహేను రోజుల్లోగా వచ్చి చేరమని ఉత్తరం వచ్చింది. పోస్ట్‌మ్యాన్ దాన్ని బజారులో భీమ్‌రావు చేతికే ఇచ్చాడు. మంచి సీజన్. రాశుల మధ్య నిలబడి, పసుపు చేతులతో విప్పి చదివి, ‘సీజన్ అయినంక చెప్పచ్చు’ అనుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సీజన్ కన్నా ముందు ఆ పదిహేను రోజులు అయిపోయాయి. “ఉత్తరమేమన్న వచ్చిందా?” అని త్రివేణి రెండుసార్లు అడిగింది. “రాలె” అని రెండుసార్లూ చెప్పాడు. మూడోసారి ఆమె అడగలేదు. ఆ తర్వాత ఉత్తరం కోసం చూస్తే జేబులో లేదు. ఎక్కడో పడిపోయింది, పీడా పోయింది అనుకున్నాడు. పీడా పోలేదు. ఏటా సీజన్ మొదలుకాగానే వచ్చి గుండెలో కూర్చునేది.

సరే, పురుగు పట్టిందన్న మాట విని త్రివేణి కాగితం మడిచి కొంగున కట్టుకుంది. “అయితే నేర్వుండ్రి. పదిహేను తారీఖు దాక సూస్త” అంది.

హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు అంకిత వదిలేసిపోయిన పాత లాప్‌టాప్ బయటికొచ్చింది. భీమ్‌రావు దానికి బొట్టు పెట్టాడు. ఇక నేర్చుకోవడమే తరువాయి.

కానీ దేంతో మొదలుపెట్టాలి? హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనల్లుడు ముఖేష్‌కు ఫోన్ చేశాడు.

“మామా, పైథాన్ తీస్కో. అల్కగ ఉంటది.”

“మంచి దిగుబడి దేనికున్నదిరా?”

“మొదలువెట్టెటోనికి ఏదైన ఒకటే మామా. ముందుగాల రాసుడు మొదలువెట్టు.”

భీమ్‌రావు ఫోన్ పెట్టేసి పెదవి విరిచాడు. “ఏ విత్తనమైన ఒకటే అన్నడంటే వానికి సరుకు తెల్వదన్నట్టు” అని త్రివేణితో చెప్పాడు. పసుపులో అయితే ఆ మాట నిజమే. సేలం రకం వేసినవాడు ఎర్ర గుంటూరు వేసినవాణ్ని చూసి నవ్వుతాడు, ఎర్ర గుంటూరువాడు సేలంవాణ్ని చూసి నవ్వుతాడు, ఎవరూ ‘ఏదైనా ఒకటే’ అనరు.

సెల్‌ఫోన్ల షాపు రామును అడిగాడు. జావా అన్నాడు. పైథాన్ నీళ్లలాంటిదన్నాడు. రాము షాపులో ఫోన్ బాగు చేయించుకోవడానికి వచ్చిన ఇంజనీరింగ్ పిల్ల ఒకతి, జావా మా తాతల కాలం నాటిదంది. ఇద్దరూ కొట్లాడుకున్నారు. భీమ్‌రావుకు ఆనందం వేసింది. ఇదీ బేరమంటే! ఇంటర్నెట్‌లో చూస్తే లోకమంతా ఇదే కొట్లాట. వారం రోజులు ఆ కొట్లాటలన్నీ చదివాడు. ఒక్క వరుస ప్రోగ్రాం రాయలేదు గానీ, పదకొండు భాషల్లో ఏ భాషవాడు ఏ భాషవాణ్ని ఏమని తిడతాడో పొల్లుపోకుండా నేర్చుకున్నాడు.

“ఏమాయె? ఏ విత్తనం వెడుతున్నరు?” అంది త్రివేణి, కుక్కర్ దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటూ.

“గంత తొందరేంది? ముందుగాల పనిముట్లు ఎంచాలె.”

“ఎంచుండ్రి, ఎంచుండ్రి” అంది ఫోన్ మీంచి తల ఎత్తకుండా.

ఆమె ఈ మధ్య ఫోన్ మరీ ఎక్కువ చూస్తోందని భీమ్‌రావు గమనించాడు. వంటల వీడియోలనుకున్నాడు. కూరల్లో మార్పేమీ కనబడలేదు.

పనిముట్లలో మొదటిది ప్రోగ్రాం రాసుకునే ఎడిటర్. అలాంటివి ఉచితంగానే బోలెడు దొరుకుతాయని తెలిసి, ఏడు దింపాడు. మొదటిది తెరవగానే తెర నల్లగా వచ్చింది. “నల్లగున్నదంటే ఎక్కువ ఉడికిందన్నట్టే” అని తీసి పక్కన పెట్టాడు. రెండోది తెల్లగా ఉంది. “ఉడకనే లేదు.” మిగిలినవాటి రంగులు మార్చి మార్చి, మూడు రోజులు కష్టపడి, ఒకదాన్ని అచ్చం మేలురకం కొమ్ము లోపలి రంగుకు తెచ్చాడు. ఆ పసుపులో అక్షరాలు కనబడవు. కానీ రాసిందేమీ లేదు కాబట్టి ఇబ్బంది రాలేదు.

ఏడు ఎడిటర్ల బరువుకు లాప్‌టాప్ మాత్రం కుయ్యిమని వేడెక్కసాగింది. త్రివేణి దాని పక్కన తడిబట్ట ఆరేసింది. పావుగంటలో ఆరింది. “ఇన్ని దినాలకు ఒక పనికొచ్చింది” అంది.

తర్వాత కీబోర్డు. దీని కోసం నిజామాబాదు వెళ్లాడు. షాపులో నడిపయ్య అనే పెద్దమనిషి ఒక ఖరీదైన కీబోర్డు చూపించి, “దీనికి చప్పుడే రాదు సార్” అన్నాడు గర్వంగా.

భీమ్‌రావు వంగి, చెవి ఆనించి, ఒక మీట నొక్కాడు. తల తిప్పుకున్నాడు.

“ఇది పచ్చిగున్నది.”

“ఏంది సార్?”

“చప్పుడు రాలేదంటే లోపల తడి ఉన్నదన్నట్టు. ఎండినది సూపియ్యి.”

నడిపయ్య ముప్పై ఏళ్లుగా వ్యాపారంలో ఉన్నాడు కానీ ఎండిన కీబోర్డు అడిగినవాణ్ని చూడలేదు. పద్నాలుగు కీబోర్డులు బల్ల మీద రాశి పోశాడు. భీమ్‌రావు ప్రతిదాన్నీ నాలుగు చోట్ల నొక్కాడు, ఎందుకంటే రాశి పైన ఒకటి, అడుగున ఒకటి పెట్టే మోసగాళ్లు ఎక్కడైనా ఉంటారు. చివరికి ఒకటి దొరికింది. నొక్కితే ‘టక్’మంది. మూడేళ్లలో ఇంత బాగా ఎండిన సరుకు చూడలేదన్నాడు.

ఇల్లు చేరేసరికి తేదీ పదిహేను.

త్రివేణి గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. “ఇయ్యాల ఆఖరు” అంది.

“ఏంది?”

“ఎస్తేరు మేడం సెంటర్ల చేరుడు. ఐదింటి దాక తెరిసుంటది. మీరు నేర్పుతనన్నరు గదా, మొదలన్న వెడతరా, లేకుంటే నన్ను పొమ్మంటరా?”

గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. పో, అనడానికి ఒక్క అక్షరం చాలు. భీమ్‌రావు దాన్ని నాలుక దాకా తెచ్చుకున్నాడు కూడా. కానీ రేపటి రొట్టె, రేపటి ఫోన్లు గుర్తొచ్చాయి.

“ఇంక కుర్సీ ఎంచలే” అన్నాడు.

త్రివేణి ఆయన మొహం వంక చూసింది. కోపంగా చూస్తే బాగుండేది. ఇరవై ఒక్క ఏళ్ల కిందట, రెండోసారి “రాలె” అన్నప్పుడు చూసిన చూపే అది. తర్వాత తల వంచి గింజలు తీసుకుంది. ఐదు కొట్టింది. కొత్త కీబోర్డును ఒళ్లో పెట్టుకుని భీమ్‌రావు కూర్చున్నాడు గానీ, ఆ సాయంత్రం మీట నొక్కడానికి చెయ్యి రాలేదు.

చెయ్యాల్సిన తప్పు చేసేశాక మనిషి మామూలుగా దాని పక్కన ఇంకోటి చేస్తాడు. భార్యకు నేర్పకపోయినా ఆమె పనైనా తేలిక చేస్తే తన గుండె బరువు సగం దిగుతుందని భీమ్‌రావుకు తోచింది. మర్నాడు టీ కొట్టు దగ్గర నలుగురిలో ప్రకటించాడు.

“ఇగ సూడుండ్రి, బాయిలర్ వంతులన్ని నా కంప్యూటరే ఇస్తది. ప్రోగ్రాం తయారువెడుతున్న.”

“నోటుబుక్కు ఇయ్యి, కంప్యూటర్ల ఎక్కిస్త” అని ఇంటికొచ్చి త్రివేణిని అడిగాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, అల్మారాలోంచి తీసి ఇచ్చింది. అంత తేలిగ్గా ఎందుకిచ్చిందో ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు.

ఎక్కించడం ఎలాగో తెలియదు గానీ, నోటుబుక్కు చంకలో ఉంటే ధైర్యంగా ఉండేది. టీ కొట్టు దగ్గర భోజన్న అడిగితే పేజీ తిప్పి, “నీది గురువారం” అన్నాడు. మధ్యాహ్నం చిన్నన్న ఫోన్ చేస్తే, “గురువారం.” ధర్మయ్య సైకిల్ ఆపి అడిగితే, “గురువారం.” ముగ్గురికి ఒకే రోజేమిటని అనుమానం వచ్చింది కానీ, నోటుబుక్కులో త్రివేణి చేతిరాత అబద్ధం చెప్పదు.

గురువారం పొద్దున ఏడింటికి ఇంటి ముందు మూడు ట్రాక్టర్లు ఆగాయి.

“బాయిలర్ ఏది భీమన్నా?” అన్నాడు భోజన్న. “కూలికొచ్చిన కైకిలోళ్లు చేన్ల కూసున్నరు.”

“అరె, నాదిగదా ఇయ్యాల!” అన్నాడు చిన్నన్న.

“ఇద్దరు జర పక్కకు జరుగుండ్రి, నాకు నోటితోని చెప్పిండు” అన్నాడు ధర్మయ్య.

“నోటితోని నాకు చెప్పలేదా? ముక్కుతోని చెప్పిండా?”

ట్రాక్టర్ల వెనక బస్సొకటి హారన్ కొట్టసాగింది. బస్సులోవాళ్లు కిటికీల్లోంచి సలహాలివ్వసాగారు. భీమ్‌రావు బనియన్ మీద బయటికొచ్చి నోటుబుక్కు ఎత్తి చూపించాడు. “ఇగో, ఇందుల రాసున్నది, నా తప్పులేదు!”

భోజన్న నోటుబుక్కు గుంజుకుని అట్ట చూశాడు. “ఇది పోయినేటిది గదా భీమన్నా! పోయినేడు అకాలవాన వడి మా ముగ్గురి వంతులు గురువారానికి జరిగినై. గదే సదివినవా?”

బస్సు హారన్ ఆగిపోయింది. డ్రైవరు కూడా వింటున్నాడు.

“అయినా మాదే బుద్ధి తక్వ” అన్నాడు ధర్మయ్య. “కంప్యూటర్ మెసేజి మంచిగనే వంపింది, నాది శనివారమని. నువ్వు గురువారమంటివి. పెద్దమనిషి నోటిమాట గట్టిదనుకుంటి.”

“నాకు శుక్రవారమని వచ్చింది” అన్నాడు చిన్నన్న.

“నాది ఆదివారం” అన్నాడు భోజన్న ఫోన్ తీసి చూపిస్తూ. పేరు, ఊరు, తేదీ, ఎన్నింటికి తయారుగా ఉండాలో, అన్నీ తెలుగులో ఉన్నాయి. “ఏమన్నగాని భీమన్నా, ప్రోగ్రాం మస్తుగ జేసినవ్. గింత తెలివి ఏడ దాసినవ్?”

ఇక్కడ భీమ్‌రావు నిజం చెప్పొచ్చు. కానీ ఇరవై ఆరేళ్లుగా ఆయన్ను మెచ్చుకున్నవాడు లేడు. పైగా బస్సంతా చూస్తోంది.

“గదేముంది” అన్నాడు మీసం సవరించుకుంటూ. “జర కష్టవడ్డ.”

“అయితే నాది ఆదివారం సంది రేపటికి జరుపు. ఇప్పుడే జరుపు, సూస్త.”

భీమ్‌రావు లాప్‌టాప్ అరుగు మీదికి తెచ్చాడు. కొత్త కీబోర్డు తగిలించాడు. పసుపు తెర వచ్చింది. టక్ టక్ టక్‌మని వాయించాడు. జనం ముందుకు వంగారు. మళ్లీ వాయించాడు. కుయ్యిమంది. ఇంకా వాయించాడు.

“చప్పుడైతే మంచిగున్నది” అన్నాడు బస్సు డ్రైవరు.

అప్పుడు త్రివేణి బయటికొచ్చింది. పిండి చేతులు కొంగుకు తుడుచుకుని, తన ఫోన్ తీసి, బొటనవేలితో మూడుసార్లు నొక్కింది. చిన్నన్న జేబులో టింగుమంది. భోజన్న జేబులో టింగుమంది.

“చిన్నన్నా, నీ చేను జర చిన్నది. రేపు బాయిలర్ పొద్దున నీ దగ్గర, పగటాల్లకు భోజన్న దగ్గర. ధర్మయ్యా, నీది శనివారమే. ఇయ్యాల సంది ఎవ్వలు ఏం జెప్పినా ఇనకుండ్రి, మెసేజి సూసుకోండ్రి. పోండ్రిగ, బస్సుకు తొవ్వ ఇయ్యుండ్రి.”

“మంచిది వదినె” అన్నారు ముగ్గురూ ఒకేసారి. భీమ్‌రావును ఎవరూ ఏమీ అనలేదు. అదే ఎక్కువగా తగిలింది.

ట్రాక్టర్లు పోయాక అరుగు మీద ఇద్దరే మిగిలారు.

“ఎప్పుడు నేర్సినవే?” అన్నాడు.

“మీరు విత్తనం ఎంచుతున్నప్పుడు. ఫోన్ల వీడియోలు, కుక్కర్ మీద మూడు కూతలొచ్చేలోపల ఒక పాఠం. మొదలు కాగితం మీద రాసుకుంట. కాలేజిల గట్లనే నేర్సినం, నలుగురికి ఒక్క కంప్యూటరుండె. పేరు, ఊరు, ఎన్ని ఎకరాలో కొడితే అదే తారీఖు కట్టి మెసేజి రాసి వెడతది. వంపుడు నేను వంపుత. ఇగ నోటుబుక్కుతోని పనిలే, మీరు అడిగితే పోయినేటిది ఇచ్చిన.”

“ఏ భాష?”

“ముఖేష్ చెప్పిందే. ఏదైనా ఒకటే అన్నడు గదా.”

భీమ్‌రావు కీబోర్డు వైరు వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. “ఆ సెంటర్... నా వల్లనే ఆఖరు తారీఖు పోయింది. పో అంటే పోతుంటివి. అనలే.”

“ఆ.”

“అదొక్కటే గాదు త్రివేణి. ఇంకోటున్నది. మన పెండ్లయిన ఏడు నీకు...”

“ఉత్తరమా?” అంది.

ఆమె లోపలికెళ్లి, తన సర్టిఫికెట్ల కవరు తెచ్చింది. అందులో మడతల దగ్గర చిరిగిన కాగితం. కాలేజీ ముద్ర వెలిసిపోయింది. దాని మూల మీద ఒక బొటనవేలు గుర్తు మాత్రం ఇంకా పచ్చగా, మేలురకం రంగులో ఉంది.

“చొక్కాలు ఉతికేది ఎవ్వలు మనింట్ల?” అంది. “నాకు దొరికేసరికి గడువు దాటి నాలుగు దినాలయినై.”

“మరి... అడగలేదేంది నన్ను?”

“రెండుసార్లు అడిగిన గదా.”

భీమ్‌రావు ఆ బొటనవేలు గుర్తు వంక చూస్తూ, “గప్పుడు పోయుంటే ఎట్లుంటుండెనో” అన్నాడు మెల్లగా.

“ఏమో” అంది త్రివేణి కాగితం మడుస్తూ. “గప్పుడు చేతివేళ్లు మస్తు ఉరుకుతుండె.” కాగితాన్ని కవర్లో పెట్టేసింది. “సోమవారం సంది ఒంటిగంటకు నేనుండ. సెంటర్ల ఊడ్సే భూమవ్వకు అరెకరం పసుపున్నది. ఆమె ఫోన్ల మన మెసేజి సూసి ఎస్తేరు మేడం ఎవ్వలు చేసిండ్రని అడిగిందట. నేర్సుకునేటోళ్లకు తారీఖు అయిపోయిందట. నేర్పేటోళ్లకు అయిపోలేదట.”

“అడుగుతున్నవా, చెప్తున్నవా?”

“చెప్తున్న. అడుగుడు రెండుసార్లతోనే అయిపోయింది.”

సోమవారం ఒంటిగంటకు భీమ్‌రావు ఇంటికొచ్చాడు. డబ్బాలో రొట్టె ఉంది. చెమట పట్టలేదు, కింద పొడిబట్ట వేసి పెట్టింది. డబ్బా మీద ఒక కాగితం: ‘తిన్నంక మొదటి పాఠం చూడండి. లాప్‌టాప్‌లో ఒక్క ఎడిటరే ఉంచిన, నల్లది. మిగిలినవి తీసేసిన. ప్రశ్నలుంటే మూడింటి తర్వాత.’

బాయిలర్ ఫోన్ ఒక్కటీ రాలేదు. త్రివేణి ముందే పంపిన మెసేజీలు ఎవరి వంతు వాళ్లకు చెబుతున్నట్టున్నాయి. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆయనకు తెలియదు. ఇరవై ఒక్క ఏళ్లలో ఈ వేళప్పుడు ఈ ఇంట్లో త్రివేణి లేకుండా ఆయన ఎప్పుడూ లేడు.

రొట్టె తిని, చెయ్యి కడుక్కుని, నల్లటి తెర ముందు కూర్చున్నాడు. మొదటి పాఠంలో కంప్యూటర్ చేత ఏదైనా ఒక మాట పలికించమని ఉంది. చాలాసేపు ఆలోచించి, ‘ఉత్తరం వచ్చింది’ అని రాయడానికి ఒక్కొక్క మీటే వెతికి నొక్కసాగాడు.

ప్రతి మీటా టక్‌మనే పలికింది. లోపల తడి లేదని మాత్రం ఆ మధ్యాహ్నం భీమ్‌రావు చెప్పలేకపోయాడు.